కడలి చేరువే.. పగడాలు దూరం!

ఒకే అక్షాంశంపై రెండు తీరాలు.. ఒకచోట బురద, మరోచోట ప్రవాళ వనం
సాగర గర్భ విహారానికి బయలుదేరే వారు తెలుసుకోవలసిన సంగతులు

సత్యవేడు: పటంపై సత్యవేడు నుంచి సూటిగా తూర్పునకు ఒక గీత గీస్తే, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో పళవేర్కాడు వద్ద అది బంగాళాఖాతాన్ని తాకుతుంది. అదే గీతను సముద్రం మీదుగా మరో 1,350 కిలోమీటర్లు పొడిగిస్తే ఉత్తర అండమాన్ దీవిని చేరుతుంది. రెండు కొసలదీ ఒకే అక్షాంశం. కాసే ఎండ ఒకటే, కడలి ఒకటే. అయినా ఆ కొసన నీట మునిగితే పగడపు దిబ్బలు, వాటి సందుల్లో తిరుగాడే రంగురంగుల చేపలు కనువిందు చేస్తాయి. ఈ కొసన మునిగితే చాచిన చేయి సైతం మసకబారుతుంది. ఈ తేడాకు కారణం సముద్రంలో లేదు. నేల మీద, మన నదుల్లో ఉంది.

అండమాన్ యాత్రకు వెళ్లినవారు సముద్ర గర్భంలో దిగిన ఛాయాచిత్రాలను తిరిగివచ్చాక బంధుమిత్రులకు చూపడం మండల కేంద్రాల్లోనూ సాధారణమైంది. చెన్నై విమానాశ్రయం, ఓడరేవు అందుబాటులో ఉండడం సత్యవేడు ప్రాంత వాసులకు కలిసివచ్చే అంశం. శ్రీసిటీ కొలువుల్లో చేరిన యువతకు ఇటువంటి యాత్రలపై ఆసక్తి కలగడమూ సహజమే. అయితే యాత్రా నిర్వాహకులు ఇచ్చే కరపత్రంలో ధర, హోటల్ పేరు, భోజన వివరాలు ఉంటాయి గాని, నీటి పీడనం శరీరంపై చూపే ప్రభావం ఉండదు. మునిగిన తర్వాత విమానం ఎక్కడానికి ఎన్ని గంటలు ఆగాలో అంతకన్నా ఉండదు. ప్రాణాలకు సంబంధించిన విషయం మాత్రం అదే.

రాయి కాదు.. ప్రాణి

పగడాన్ని రాయిగా భావించేవారే ఎక్కువ. నిజానికి అది ఒక ప్రాణి. చాలా జాతుల్లో గోరంత కూడా ఉండని మెత్తని శరీరం, మధ్యన నోరు, దాని చుట్టూ వేళ్ల వంటి స్పర్శకాలు.. ఇంతే దాని ఆకారం. సముద్రపు నీటి నుంచి సున్నాన్ని గ్రహించి తన అడుగున గట్టి గూడు కట్టుకుంటుంది. చనిపోయిన వాటి గూళ్లపై కొత్తవి గూళ్లు కట్టుకుంటూ పోగా, వేల సంవత్సరాలకు ఒక దిబ్బ తయారవుతుంది. పాఠ్యపుస్తకాల్లో ప్రవాళ భిత్తికలు అని చదువుకున్నవి ఇవే. బండలా పెరిగే పగడాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఎదుగుతాయి. కొమ్మల్లా విస్తరించే జాతుల పెరుగుదల 10 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. సముద్రపు అడుగు భాగంలో పగడపు దిబ్బల విస్తీర్ణం ఒక శాతం కన్నా తక్కువే. అయినా కడలి జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు వాటిపై ఏదో ఒక దశలో ఆధారపడి బతుకుతాయని శాస్త్రవేత్తల అంచనా.

దిబ్బలు కట్టే పగడాలకు వెలుతురు తప్పనిసరి. వాటి కణజాలంలో కంటికి కనిపించని శైవలాలు కాపురం ఉంటాయి. అవి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగాన్ని ఆశ్రయమిచ్చిన పగడానికి అందిస్తాయి. ఒక విధంగా ఇంటి అద్దె వంటిది. పగడానికి రంగులు కూడా చాలావరకు వాటి నుంచే వస్తాయి. నీరు మసకబారితే వెలుతురు అందదు. వెలుతురు లేకుంటే ఆ వంటయిల్లు మూతపడుతుంది. వెలుతురుతో పాటు తగినంత ఉప్పదనం, వెచ్చని నీరు, అంటిపెట్టుకోవడానికి గట్టి అడుగు కూడా కావాలి. వీటిలో వెచ్చదనం ఒక్కటే మన తీరంలో పుష్కలంగా ఉంది.

ఆరణి మోసుకెళ్లే మన్ను

పిచ్చాటూరు జలాశయం దాటిన ఆరణి నది సురుటుపల్లి మీదుగా ఊత్తుకోట వైపు సాగి చివరకు పులికాట్ సరస్సులో కలుస్తుంది. కాళంగి నది సూళ్లూరుపేట మీదుగా అదే సరస్సును చేరుతుంది. సురుటుపల్లి ఆలయంలో హాలాహలం మింగిన శివుడు శయనించిన భంగిమలో దర్శనమిస్తాడు. క్షీరసాగర మథనం కథతో ముడిపడిన ఆ ఊరి పక్కనుంచే నిజమైన సాగరం వైపు ఏటా మన్ను సాగిపోతుండడం విశేషం. ఆరణి, కాళంగి చిన్న నదులు. ఉత్తరాన స్వర్ణముఖి, పెన్న, కృష్ణ, గోదావరి ఉన్నాయి. ఇంకా పైన మహానది, గంగా బ్రహ్మపుత్రలు ఉన్నాయి. గంగా బ్రహ్మపుత్రలే ఏటా సుమారు వంద కోట్ల టన్నుల మేట మట్టిని కడలివైపు మోసుకొస్తాయని అంచనా.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తూర్పు తీరం వెంట సముద్ర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. వర్షాకాలంలో నదులు కుమ్మరించిన మంచినీరు ఈ ప్రవాహంతో కలిసి ఒడ్డు వెంబడే ఆంధ్ర తీరం మీదుగా కిందికి దిగుతుంది. సముద్రంలోనే మరో నది పారుతున్నదా అనిపించే దృశ్యమిది. ఉప్పదనం తగ్గిన మసక నీటిలో, బురద, ఇసుక పరచుకున్న అడుగుపై పగడపు పిల్ల నిలదొక్కుకోవడం దాదాపు అసాధ్యం. విశాఖ తీరంలో కొండలు కడలిలోకి చొచ్చుకుపోయిన చోట్ల రాళ్లపై పగడపు జీవులు చెదురుమదురుగా కనిపిస్తాయి గాని, దిబ్బలు కట్టే స్థాయికి చేరలేదు.

ఇది నిన్న మొన్నటి స్థితి కాదు. భూగర్భ శాస్త్రవేత్తలు ఒక శిలా సమూహానికి సత్యవేడు పేరే పెట్టారు. క్రెటేషియస్ యుగపు తొలినాళ్లవిగా, అంటే పది కోట్ల సంవత్సరాల పైబడినవిగా గుర్తించిన ఈ శిలల్లో గుండ్రని గులకరాళ్లు, ఇసుకరాయి కలగలిసి ఉంటాయి. రాయి నునుపు తేలి గుండ్రంగా మారాలంటే నీటి ప్రవాహం దానిని దొర్లించి ఉండాలి. అంటే డైనోసార్లు సంచరించిన కాలంలోనే ఈ నేలపై నీరు రాళ్లను, ఇసుకను మోసుకొచ్చి పోసింది. అదే పనిని నదులు నేటికీ చేస్తున్నాయి. సత్యవేడు పరిసరాల గుట్టల్లో కనిపించే గుండ్రాళ్లకు ఇంతటి చరిత్ర ఉన్నదని స్థానికుల్లో ఎందరికో తెలియదు.

ఈ తీరంలో మునక వేసేవారే లేరనుకుంటే పొరపాటు. గగన్‌యాన్ సన్నాహాల్లో భాగంగా 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి జరిపిన తొలి పరీక్షా ప్రయోగంలో, తీరానికి పది కిలోమీటర్ల దూరంలో కడలిపై దిగిన వ్యోమగాముల గదిని ఒడిసిపట్టింది నౌకాదళ ఈతగాళ్లే. అలల్లో తలకిందులైన దానిని వారు తాళ్లతో బిగించి ఓడపైకి చేర్చారు.

పగడాలు ఎక్కడున్నాయంటే..

దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా నాలుగు చోట్ల ఉన్నాయి. అవి అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్, తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ-పాక్ అఖాత ప్రాంతం, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ. వీటిలో సత్యవేడుకు రోడ్డు మార్గాన చేరుకోగలిగిన సమీప స్థానం రామేశ్వరం, తూత్తుకుడి మధ్యనున్న మన్నార్ సింధుశాఖే. అక్కడ మట్టిని కుమ్మరించే పెద్ద నదులు లేవు. 21 చిన్న దీవుల చుట్టూ పగడాలు విస్తరించాయి. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

ఉద్యానవనంగా ప్రకటించక ముందు జరిగిన నష్టాన్ని మాత్రం పూడ్చలేకపోయారు. సున్నం బట్టీల కోసం, కట్టడాల కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వి పడవల్లో తరలించారు. అలల తాకిడికి అడ్డుగోడగా నిలిచిన దిబ్బ కరిగిపోవడంతో దీవుల ఒడ్డు కోతకు గురైంది. 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. పగడపు దిబ్బ పోతే పోయేది చేపలు, అందం మాత్రమే కాదు, నేల కూడా పోతుందనడానికి ఇంతకన్నా దగ్గరి నిదర్శనం లేదు.

అండమాన్‌కు చెన్నై నుంచి ఓడలో దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. విమానంలో రెండు గంటలకు పైగా పడుతుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడి ఉన్నందున భాష సమస్య ఉండదు. స్కూబా డైవింగ్‌కు ప్రసిద్ధి చెందిన హేవ్‌లాక్ దీవిని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్‌గా పిలుస్తున్నారు. వండూరు వద్ద 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనం పరిధిలో నిబంధనలు కఠినంగా ఉంటాయి.

నగల దుకాణాల్లో కుజ గ్రహం కోసం కొనే ఎర్ర పగడానికి, ఈ దిబ్బలకు సంబంధం ఉన్నదా అన్న సందేహం పలువురికి కలుగుతుంది. లేదనే చెప్పాలి. ఉంగరంలో పొదిగేది ఎక్కువగా మధ్యధరా సముద్రపు లోతుల్లో పెరిగే వేరొక జాతి. అది దిబ్బలు కట్టదు. పూర్వం ఆ పగడాన్ని యూదు వర్తకులు ఐరోపా నుంచి మద్రాసుకు తెచ్చి, బదులుగా గోల్కొండ వజ్రాలను తీసుకుపోయేవారు. చెన్నై జార్జ్‌టౌన్‌లోని పగడాల వర్తకుల వీధి ఆ వ్యాపారానికి మిగిలిన గుర్తు. తెలుగు నేల వజ్రం వెళ్లింది, పరాయి కడలి పగడం వచ్చింది.

యాత్రా స్థలాల్లో ఒడ్డున దొరికే తెల్లని పగడపు ముక్కను జ్ఞాపికగా తెచ్చుకోవడం మాత్రం నేరం. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో పగడానికి, పెద్దపులికి ఒకే స్థాయి రక్షణ ఉంది. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా తప్పవు. అలమరలో అలంకారంగా పెట్టుకునే ముక్క ఖరీదు దుకాణంలో చెప్పిన ధర కాదని గ్రహించాలి.

మునిగిన ఓడలే ఆశ్రయం

మన తీరంలో పగడాలు లేని లోటును కొంతవరకు తీర్చేవి మునిగిపోయిన ఓడలు. బురద అడుగుపై దేనికీ పట్టు దొరకదు. అక్కడ ఒక ఇనుప ఓడ మునిగితే కొన్నేళ్లకే నత్తలు, స్పంజికలు, మెత్తని పగడాలు దానిని కప్పేస్తాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న వాటి కోసం పెద్దవి చేరతాయి. వలలు చిక్కుకుని చిరిగే చోట్లను జాలర్లు గుర్తుపెట్టుకునేది ఒక్క నష్ట భయంతోనే కాదు, అక్కడ చేప దండిగా ఉంటుందన్న ఎరుకతో కూడా. ఈ సూత్రంతోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సిమెంటు దిమ్మెలతో కృత్రిమ దిబ్బలు రూపొందించి తీర జలాల్లో దింపుతున్నది.

మునిగిన నౌకల కథల్లో తెలుగువారికి బాగా తెలిసినది ఘాజీ. అమెరికా నౌకాదళంలో డయాబ్లో పేరుతో పనిచేసి, 1964లో పాకిస్థాన్‌కు దక్కిన ఈ జలాంతర్గామి, 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడుతూ విశాఖ దాకా వచ్చింది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పేలిపోయి మునిగింది. అందులోని సిబ్బంది అంతా మరణించారు. రాజ్‌పుత్ నౌక విసిరిన పేలుడు గుండ్లే కారణమని భారత్ చెబుతుండగా, తాను అమర్చిన మందుపాతరే పేలిందన్నది పాకిస్థాన్ వాదన. అంతకు 27 ఏళ్ల ముందు, 1944 ఫిబ్రవరి 11న, ఇదే విశాఖ తీరంలో ఆర్‌వో-110 అనే జపాన్ జలాంతర్గామిని భారత నౌక జమున, రెండు ఆస్ట్రేలియా నౌకలు కలిసి ముంచివేశాయి. విపత్తులో చిక్కుకున్న జలాంతర్గాముల సిబ్బందిని కాపాడేందుకు సమకూర్చుకున్న ప్రత్యేక వాహనంతో నౌకాదళం ఘాజీ శిథిలాలను పరిశీలించినట్లు 2024 ఫిబ్రవరిలో వార్తలు వెలువడ్డాయి. అది ఉన్నది సుమారు వంద మీటర్ల లోతున. యుద్ధంలో మరణించిన వారి సమాధిగా భావించి, నావిక సంప్రదాయాన్ని గౌరవిస్తూ దానిని కదిలించలేదు.

వినోదం కోసం మునిగేవారికి అనుమతించే గరిష్ఠ లోతు 40 మీటర్లు. కనుక రుషికొండ వద్ద స్కూబా శిక్షణ పొందినవారు ఘాజీని చూడగలమని ఆశపడనవసరం లేదు. జలాంతర్గామి లోపలి రూపం చూడాలనుకునేవారికి విశాఖ రామకృష్ణా బీచ్‌లోని కుర్సుర మ్యూజియం చాలు. తడవకుండానే లోపలికి వెళ్లి రావచ్చు.

తక్కువ లోతులో ఉన్న ఓడ శిథిలాల వద్ద సైతం జాగ్రత్త అవసరం. వెలుపలి నుంచి చూడడం వేరు, లోపలికి దూరడం వేరు. లోపల తుప్పు, ఒండ్రు పేరుకుని ఉంటాయి. ఈతగాని కాలి తాకిడికి ఒండ్రు లేస్తే క్షణాల్లో చీకటి కమ్ముతుంది, వచ్చిన దారి కనిపించదు. తలపై కప్పు ఉన్నందున నేరుగా పైకి రావడానికీ వీలుండదు. తెగిన వలలు, తీగలు కాళ్లకు చుట్టుకుంటాయి. ప్రత్యేక శిక్షణ లేనివారు ఓడలోకి ప్రవేశించకూడదన్నది ప్రపంచమంతటా పాటించే నియమం.

నీటి అడుగున ఒంట్లో జరిగేది

ముందుగా రెండు పదాల తేడా తెలుసుకోవాలి. ముఖానికి అద్దం, నోట్లో ఒక గొట్టం పెట్టుకుని నీటి ఉపరితలంపై బోర్లా తేలుతూ కిందికి చూడడం స్నార్కెలింగ్. వీపున సిలిండర్ కట్టుకుని అడుగుకు దిగడం స్కూబా డైవింగ్. ఈ రెండో విధానానికి వీలు కల్పించిన పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌కు చెందిన కూస్తో, గాన్యాన్ రూపొందించారు. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అన్నది జనంలో పాతుకుపోయిన అపోహ. పత్రికలు సైతం అలాగే రాస్తుంటాయి. నిజానికి అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. దానిని సుమారు 200 రెట్ల పీడనంతో కుక్కి నింపుతారు. ఇక్కడి చిక్కంతా ఆ గాలిలో ఐదింట నాలుగు వంతులున్న నత్రజనితోనే.

నేలపై మన శరీరం మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. నీటిలో ప్రతి పది మీటర్లకు మరొకటి చేరుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తంత లోతుకు దిగితే పీడనం రెట్టింపవుతుంది. మొదట తెలిసేది చెవికి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ప్రతి మీటరుకు ఒకసారి ఇలా చేయాలి. జలుబు ఉన్నప్పుడు ఈ దారి మూసుకుపోతుంది కాబట్టి ఆ రోజుకు మునక మానుకోవాలి. డబ్బు కట్టేశామన్న ఆరాటంతో దిగి కర్ణభేరి చిల్లు పడిన తర్వాత బాధపడి ప్రయోజనం లేదు.

పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదన్నది అన్నింటికన్నా ముఖ్యమైన సూత్రం. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి ఉపరితలానికి వచ్చేసరికి రెట్టింపు స్థలం కోరుతుంది. దానికి దారి ఇవ్వకుంటే ఊపిరితిత్తులు చిట్లి, గాలి బుడగలు రక్తంలోకి చేరి మెదడును దెబ్బతీస్తాయి. చెరువులో, బావిలో ఊపిరి బిగబట్టి మునగడం అలవాటైన పల్లె యువకులు ఇక్కడే పొరబడే అవకాశం ఎక్కువ. బావిలో మునిగేవాడు ఒడ్డున పీల్చిన గాలితోనే దిగి, దానితోనే తేలుతాడు. స్కూబా ఈతగాడు అడుగున, అధిక పీడనం వద్ద గాలి పీలుస్తాడు. మంచి ఈతగాడైనా కొత్త పాఠం నేర్వక తప్పదు.

మూడోది నత్రజని. పీడనం పెరిగినకొద్దీ అది రక్తంలో, కండరాల్లో ఎక్కువగా కరుగుతుంది. గోలీసోడా సీసాను తలచుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. గోలీ బిగిసి ఉన్నంతసేపు నీరు నిశ్చలంగా ఉంటుంది. గోలీని లోపలికి నొక్కగానే బుస్సుమంటూ బుడగలు పొంగుతాయి. వేగంగా పైకి వచ్చిన ఈతగాని ఒంట్లోనూ జరిగేది అదే. బుడగలు కీళ్లలో చేరితే నొప్పి, నరాల్లో చేరితే తిమ్మిరి, వెన్నుపాములో చేరితే కాళ్లు చచ్చుబడడం. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రావాలని, ఉపరితలానికి ఐదు మీటర్ల దిగువన మూడు నిమిషాలు ఆగాలని శిక్షకులు పట్టుబడతారు.

మునిగిన వెంటనే ఎగరరాదు

గట్టుకు చేరినంత మాత్రాన పని పూర్తి కాదు. కరిగిన నత్రజని శరీరాన్ని పూర్తిగా విడిచిపోవడానికి గంటల సమయం పడుతుంది. ఈలోగా విమానం ఎక్కితే మిగిలిన నత్రజని బుడగలు కడుతుంది. విమానం లోపలి పీడనం సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తైన కొండపై ఉండే పీడనానికి సమానం. ఒకసారి మాత్రమే మునిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగినవారు కనీసం 18 గంటలు ఆగిన తర్వాతే విమానం ఎక్కాలని డైవర్ల వైద్య భద్రతా సంస్థల సూచన. నిండు 24 గంటలు ఆగడం మరింత క్షేమం.

ఉదాహరణకు హేవ్‌లాక్‌లో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు మరోసారి మునిగి, సాయంత్రపు పడవలో పోర్ట్‌బ్లెయిర్ చేరి, మరునాడు ఉదయం ఏడు గంటలకు చెన్నై విమానం ఎక్కితే గడిచింది 16 గంటలే. నియమం తప్పినట్లే. నాలుగు రోజుల యాత్రలో చివరి రోజును స్కూబాకు కాకుండా సెల్యులార్ జైలు సందర్శనకు కేటాయించుకోవడం ఉత్తమం. స్కూబా తొలి రోజుల్లోనే ముగించుకోవాలి. ఓడలో తిరిగివచ్చే వారికి ఈ బెడద లేదు.

ఈ నియమం కొండలకూ వర్తిస్తుంది. సముద్ర మట్టానికి 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకు వెళ్లినా అదే జాగ్రత్త అవసరం. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. మదనపల్లె సమీపంలోని హార్సిలీ కొండల ఎత్తు 1,265 మీటర్లు. పుదుచ్చేరిలో ఉదయం స్కూబా, రాత్రికి తిరుమల దర్శనం అన్న పథకం కారు ప్రయాణానికి అనువుగానే కనిపిస్తుంది. శరీరానికి అది అనువు కాదు.

ఎవరు దిగవచ్చు.. ఎవరు ఆగాలి

ఈత రానివారిని సైతం శిక్షకుని పర్యవేక్షణలో 12 మీటర్ల లోపు ఒకసారి దింపి చూపించే ఏర్పాటు ఉంది. పర్యాటకుల్లో అధికులు చేసేది ఇదే. పదేళ్లు నిండినవారు అర్హులు. మూడు నాలుగు రోజుల ప్రాథమిక శిక్షణ పూర్తిచేసినవారు 18 మీటర్ల వరకు వెళ్లవచ్చు. ఈ శిక్షణకు 200 మీటర్లు ఈదడం, పది నిమిషాలు నీటిపై తేలడం వచ్చి ఉండాలి. దిగే ముందు ఆరోగ్య వివరాల పత్రం నింపమంటారు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి శస్త్రచికిత్స, గర్భం వంటివి దాచిపెట్టి సంతకం చేయడం ప్రమాదకరం. ఆ కాగితం నిర్వాహకులను కాపాడేందుకే అని కొట్టిపారేసేవారు ఉన్నారు. నిజాయతీగా నింపితే అది మునిగేవారినీ కాపాడుతుంది.

స్నార్కెలింగ్ తేలికైన ఆట అన్న ధీమా కూడా తగదు. ఉపరితలంపైనే ఉంటాం కదా అని లైఫ్ జాకెట్ విప్పేయడం, కింది దృశ్యాల్లో లీనమై ప్రవాహంతో పాటు దూరం కొట్టుకుపోవడం, మద్యం సేవించి దిగడం.. ప్రమాదాలకు దారితీసేవి ఇటువంటివే. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. 2010లో హేవ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించింది. హెచ్చరిక బోర్డులు ఉన్న చోట దిగకపోవడమే మేలు.

దిబ్బపై నిలబడడం, చేత్తో తాకడం, కాలి రెక్కలతో తన్నడం పగడాన్ని చంపుతాయి. ఒక్క అడుగు బరువుకు విరిగేది ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ. అసలే సముద్రం వేడెక్కి పగడాలు కష్టాల్లో ఉన్నాయి. నీటి వేడి భరించలేని స్థితికి చేరితే పగడం తనలోని శైవలాలను బయటకు నెట్టేస్తుంది. రంగు పోయి ఎముకలా తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకుంటే ఆకలితో చనిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన దేశపు దిబ్బలు ఇలా తెల్లబారాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఈ విపత్తు సంభవించినట్లు 2024 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంస్థలు ప్రకటించాయి. లక్షద్వీప్ పగడాలు అప్పుడూ దెబ్బతిన్నాయి. అందువల్ల నేడు అండమాన్ వెళ్లేవారికి కరపత్రంలోని బొమ్మంత రంగుల దృశ్యం కనిపించకపోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. నీటిలో కొన్ని మీటర్లు దిగేసరికే ఎరుపు రంగు మాయమై అంతా నీలి పచ్చగా తోస్తుంది. బొమ్మల్లోని ఎరుపు కెమెరా దీపం వెలుగులో తీసినది.

ఇంటికి చేరిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో కీళ్ల నొప్పి, విపరీతమైన నిస్సత్తువ, తల తిరగడం, చేతులు కాళ్లలో తిమ్మిరి, మూత్రం బిగియడం వంటివి కనిపిస్తే ప్రయాణ బడలిక అని, విష జ్వరమని సరిపెట్టుకోరాదు. ఇటువంటి స్థితిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ అందిస్తూ, పీడనం పెంచిన గదిలో ఉంచి చికిత్స చేయడం అవసరం కావచ్చు. ఆలస్యమైతే కాళ్ల చచ్చుదనం శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. పీడన గది సౌకర్యం నౌకాదళ ఆసుపత్రుల్లోను, మహానగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లోను మాత్రమే ఉంటుంది. సముద్రానికి దూరంగా పనిచేసే వైద్యులకు ఇటువంటి రోగి తారసపడడం అరుదు. కనుక సత్యవేడులో చూపించుకున్నా, తిరుపతికో చెన్నైకో తరలించినా, వైద్యునికి ముందుగా చెప్పవలసినవి మూడు వివరాలు. ఎన్నిసార్లు మునిగారు, ఎంత లోతుకు దిగారు, చివరిసారి నీటి నుంచి బయటకు వచ్చి ఎన్ని గంటలైంది.